మా యారాలి పగటి నిద్ర

బతుకమ్మ పండుగ రోజుల్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక మా యారాలు, అంటే మా మరిది భార్య, తన గదిలోకి వెళ్లి గొళ్ళెం పెట్టుకుని పడుకునేది. ఇంటినిండా చుట్టాలు ఉండేవాళ్లు. వాకిట్లో తంగేడు పువ్వు కుప్పగా పోసి ఉండేది. పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూనే ఉండేది. అంత సందడి మధ్యన ఆమె గంటసేపు హాయిగా నిద్రపోయేది. ఆ గంట చాలు, నేను మిగతా రోజంతా కుతకుతలాడడానికి.

మా ఇల్లు కొత్తవాడలో. అన్నదమ్ములవి రెండు కాపురాలు, కోడళ్లిద్దరికీ కలిపి ఒక అత్త, ఒకటే వంటిల్లు. ముందు గదిలో ఒకప్పుడు మా మామ జంపఖానాలు నేసిన మగ్గం ఉండేది. ఆయన పోయిన తరువాత మగ్గం తీసేసి, నేల చదును చేయించి, అక్కడ నా మోటరు కుట్టుమిషన్ పెట్టారు. ఒక తలుపు వీధిలోకి, ఇంకో తలుపు ఇంట్లోకి. ఆ లోపలి తలుపులోంచి చూస్తే మా యారాలి గది తలుపు నేరుగా కనిపిస్తుంది. మిషన్ ఇంకో వైపుకు తిప్పి పెట్టుకోమని మా ఆయన ఎన్నోసార్లు అన్నాడు. వెలుతురు సరిపోదని చెప్పి నేను తిప్పలేదు.

పండుగ దగ్గరపడుతోందంటే నాకు గాలి పీల్చుకునే తీరిక ఉండదు. కొత్తవాడ నుంచి కాశిబుగ్గ దాకా ఉన్న ఆడవాళ్లందరికీ కొత్త చీరల మీదికి జాకెట్లు ఒక్కసారే కావాలి. మొదటి రోజు ఎంగిలిపూల నాటికి కొందరికి, చివరి రోజు సద్దుల నాటికి కొందరికి, దసరా నాటికి మిగిలినవాళ్లకు. కుడుతూ కుడుతూనే లోపలికి వెళ్లి కూర చూసి రావాలి, వచ్చిన ఆడబిడ్డకు చాయ్ పెట్టాలి, గునుగు పువ్వుకు రంగులు కలపాలి, సాయంత్రానికి బతుకమ్మ పేర్చాలి. బతుకమ్మ నేను పేరిస్తేనే నిలబడుతుందని మా ఇంట్లో ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచింది నేనే.

మా యారాలు పని చేయదని కాదు. పొద్దున అందరికంటే ముందు లేచి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లేది. గిన్నెలన్నీ ఆమే తోమేది. కానీ మధ్యాహ్నం చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, తన గదిలోకి నడిచి వెళ్లిపోయేది. దొంగతనంగా వెళ్లేది కాదు, తొందరగా కూడా వెళ్లేది కాదు. అదే నాకు ఎక్కువ మంట.

ఇది ఒక పండుగ నాడు అన్నం తింటుండగా మొదలైంది. అందరూ ఉన్నారు. మా ఆడబిడ్డ పిల్లలతో ముందు రోజే వచ్చింది. యారాలు కంచంలో చెయ్యి పెట్టి, ఉప్పు అడిగినంత మామూలుగా అంది.

"అత్తా, ఈ పండుగ తొమ్మిది దినాలు అన్నం తిన్నంక నేను గంటసేపు పండుకుంట. ఎవ్వలు లేపొద్దు."

నేను అత్త ముఖం చూశాను. ఇప్పుడు ఇల్లు ఎగిరిపోతుందని అనుకున్నాను. అత్త మజ్జిగ పోసుకుంటూ, "పండుకో బిడ్డా" అంది. అంతే.

ఆ రోజు నుంచి అత్త ఆ తలుపు పక్కనే పీట వేసుకుని కూర్చునేది. చేతిలో పువ్వుల పని ఏదో ఉండేది. పిల్లలు అటు పరుగెత్తితే కసిరేది. "జర సప్పుడు చెయ్యకురి, చిన్నది పండుకున్నది." ఒకసారి నేను ఇత్తడి బిందె కింద పెట్టిన చప్పుడుకు కూడా నా వైపు చూసి వేలు పెదవి మీద పెట్టుకుంది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి నా నిద్ర కోసం ఎవరూ అలా వేలు పెట్టుకోలేదు. ఆ నిద్ర కంటే ఆ వేలు చూసి నాకు ఎక్కువ కుళ్లు పుట్టింది.

ఏదో కారణం ఉండి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కారణం ఉంటే ఓర్చుకోవచ్చు. నీళ్లు పోసుకుందేమో అని కొన్నాళ్లు చూశాను, కాదు. బీపీ ఉందేమో, రక్తం తక్కువేమో అని మరిదిని కదిలించాను. "ఏమున్నది వదినా, మంచిగనే ఉన్నది గద" అని పోయాడు. చివరికి ఒక రోజు బావి దగ్గర బట్టలు పిండుతుంటే ఆమెనే అడిగాను.

"ఏమే, పెయ్యిల బాగుంటలేదా? దవాఖానకు పోదామా?"

"మంచిగనే ఉన్న అక్కా. ఎందుకు?"

"మరి గట్ల పొద్దుందాక పండుకుంటానవ్ గద."

"పొద్దుందాకనా! గంటనే గదక్కా." నవ్వింది. "ఏం రోగం లేదు. పండుగ పనికి పానం అలిసిపోతది. జర పండుకుంటే మంచిగనిపిస్తది. కావాలె, పండుకుంటన్న."

రోగం ఉంటే సేవ చేసేదాన్ని. బద్ధకం అయితే తిట్టేదాన్ని. కావాలి కాబట్టి పడుకుంటున్నానని చెప్పే మనిషిని ఏం చేయాలి? నాకు కావలసినవి ఎన్నో ఉండేవి. అవి నోటిదాకా ఎప్పుడూ రాలేదు. వాటిని ఎవరైనా వాళ్లంతట వాళ్లే కనిపెట్టి ఇవ్వాలని నేను ఎదురుచూసేదాన్ని.

ఆమె నిద్రలేచి వచ్చే తీరు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. గొళ్ళెం తీసిన చప్పుడు, చెంప మీద దిండు ముడతల గుర్తులు, కొంచెం ఉబ్బిన కళ్లు. తొట్టిలో నీళ్లు తీసుకుని ముఖం కడుక్కుని, తల దువ్వి జడ వేసుకుని, బొట్టు పెట్టుకుని, చాయ్ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చునేది. ఆ చాయ్ ఆమె ఎంత మెల్లగా తాగేదో! సాయంత్రం బతుకమ్మ ఆటకు బయలుదేరే సమయానికి ఆమె పొద్దున కోసిన బంతిపువ్వులా ఉండేది. నేను సగం కుట్టిన జాకెట్ల మధ్య నుంచి లేచి, దారపు పోగులు అంటుకున్న చీర మార్చుకుని, జుట్టు వేళ్లతోనే సర్ది బయలుదేరేదాన్ని.

మా ఆడబిడ్డ ఒకసారి అందరి ముందూ అంది. "చిన్నొదిన ఎట్ల మెరుస్తాందో సూడు! పండుగ కళ ఆమె మొఖంలనే ఉన్నది."

నేను నవ్వాను. ఆ సాయంత్రం చప్పట్లు కొడుతూ బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నంతసేపూ నా ముందు ఆమె జడే కనిపిస్తూ ఉంది. పాట నోటికి వస్తోంది, మనసుకు రావడం లేదు. జడలో ఎన్ని పూలు పెట్టుకుందో, చీర కుచ్చిళ్లు ఎంత పొందికగా పెట్టుకుందో, అవే చూస్తూ తిరిగాను.

పండుగ రోజుల మధ్యలో ఒక రోజు అలిగిన బతుకమ్మ వస్తుంది. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ఆ తల్లి అలిగిందని వదిలేస్తారు. బతుకమ్మకైనా అలిగి ఊరుకోవడానికి ఒక రోజు ఇచ్చారు కదా అని, ఆ రోజు మధ్యాహ్నం నేను కూడా నా గదిలోకి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. గొళ్ళెం పెట్టాను. ఫ్యాను వేసుకుని చాప మీద వాలాను.

కళ్లు మూసుకోగానే చెవులు తెరుచుకున్నాయి. వంటింట్లో మూత పడింది, పిల్లి వచ్చిందేమో. వీధి తలుపు దగ్గర ఎవరో చెప్పులు విడిచారు, జాకెట్ కోసమేమో. పిల్లలు ఎక్కడా చప్పుడు చేయడం లేదు, బావి దగ్గర లేరు కదా. నడుము నేలకు తగిలిందే కానీ మెడ పైకి లేచే ఉంది. అంతలో మా ఆడబిడ్డ తలుపు తట్టింది.

"వదినా, ఉన్నవా? ఎర్రరంగు డబ్బ యాడ పెట్టినవ్?"

"అటక మీద."

"కనవడ్తలేదు."

లేచి వెళ్లి తీసి ఇచ్చాను. అప్పుడు మా యారాలి తలుపు మూసే ఉంది. అత్త పీట మీదే ఉంది. నా తలుపు తడుతుంటే అత్త చూస్తూనే ఉంది, వద్దనలేదు. నేను నేరుగా మిషన్ దగ్గరికి వెళ్లి కూర్చుని, ఆ చప్పుడు ఆ గదిలోకి వినిపించేలా మోటరు గట్టిగా తొక్కాను. ఆమె లేవలేదు. అంత చప్పుడులో ఎలా నిద్రపడుతుందో అని అప్పుడు ఇంకో కుళ్లు మొదలైంది.

ఇలా రెండు మూడు పండుగలు గడిచాయి. ఆ తరువాతి ఏడు సద్దుల బతుకమ్మకు ముందు రోజు జరిగింది చెప్పాలి.

ఆ వారమంతా నాకు కంటినిండా నిద్ర లేదు. ఆ రోజు అన్నం కూడా తినలేదు. సాయంత్రానికి ఇవ్వాల్సిన పట్టు జాకెట్ ఒకటి చేతిలో ఉంది. దాని చేతికి అంచు వేస్తున్నాను. మిషన్ చప్పుడు నిలకడగా ఉంటే జోలపాటలాగా ఉంటుంది. ఒక్క క్షణం నా తల ముందుకు వాలింది. కాలు మాత్రం మోటరు మీదే ఉంది. సూది ఎడమచేతి చూపుడువేలు గోరు మీదుగా దిగి, మొన లోపల విరిగింది.

నేను అరిచానో లేదో గుర్తులేదు. గుర్తున్నది మా యారాలి గది గొళ్ళెం ధడాలున తీసిన చప్పుడు. పిల్లల గోలకు, నా మోటరుకు లేవని మనిషి, జుట్టు విరబోసుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. మిషన్ స్విచ్ తీసేసింది. చక్రం చేత్తో తిప్పి సూదికడ్డీ పైకి లేపి నా వేలు విడిపించింది. తన కొంగు చింపి కట్టింది. "అత్తా, పొయ్యి సూడు" అని కేకేసి, నన్ను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్లింది.

డాక్టరు వేలికి ఫొటో తీయించి, మొద్దుబారే మందు ఇచ్చి, లోపల ఉన్న ముక్క తీశాడు. టీటీ సూది వేశారు. కట్టు కట్టి కాసేపు కూర్చుని పొమ్మన్నారు. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఆమె చెంప మీద ఇంకా దిండు గుర్తులు ఉన్నాయి. అంత నొప్పిలోనూ నాకు అవే కనిపించాయి.

"నిద్ర చెడగొట్టిన" అన్నాను. మామూలుగా అనాలనుకున్నాను. మాట పుల్ల విరిచినట్టు వచ్చింది.

ఆమె నా వైపు తిరిగింది. "నేను పండుకునుడు నీకు ఇష్టం లేదని నాకెరుకే అక్కా."

"నేనెన్నడన్న అన్ననా?"

"అనలే. మోటరు తొక్కినవ్."

నేను నేల చూశాను. ఆమె మెల్లగా అంది. "నిన్ను సూస్తే నాకు ఎంత కుళ్లో నీకేమెరుక! పొద్దున లేస్తే ఇంటినిండ నిన్నే పిలుస్తరు. వదినా అది యాడున్నది, పెద్దకోడలా గిది రుచి సూడు. వాకిట్లకు వచ్చినోళ్లు నన్ను సూసి, మీ అక్క లేదా అంటరు. నేను గంట పండుకుంటే ఎవలకు ఏం తక్కువ పడదు. గందుకే పండుకోనిస్తరు. నువ్వు పండుకుంటే ఇల్లు ఆగుతది."

ఆ మాట విని జాలిపడాల్సింది. నాకు సంతోషం కలిగింది. అంత చల్లని సంతోషం నేను చాలా ఏళ్లుగా ఎరగను. వేలు సలుపుతున్నా ఆ మాటను లోపల మళ్లీ మళ్లీ చెప్పుకున్నాను. నువ్వు పండుకుంటే ఇల్లు ఆగుతది.

ఆ సంతోషం తెల్లారేదాకా కూడా నిలవలేదు.

ఇంటికి రాగానే నన్ను పడుకోబెట్టారు. మా ఆయన నా గది కిటికీకి దుప్పటి కట్టాడు. అత్త పీట తెచ్చుకుని ఈసారి నా తలుపు దగ్గర కూర్చుంది. "సప్పుడు చెయ్యకురి, పెద్దది పండుకున్నది" అని మా అత్త గొంతు వినిపించింది. ఇన్నేళ్లు దేనికోసం ఏడ్చానో అది దొరికింది. కానీ కట్టు కట్టుకుంటే దొరికింది. మా యారాలికి ఊరికే అడిగితే దొరికిన గంట, నాకు వేలిలో సూది దిగితే దొరికింది. ఆ తేడా తలచుకుంటూ చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాను. తరువాత ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

మరునాడు సద్దుల బతుకమ్మ. నన్ను పని ముట్టనివ్వలేదు. గడప మీద కూర్చుని చూశాను. ఇల్లు ఆగలేదు. మా యారాలు చింతపండు పులిహోర కలిపింది, పెరుగన్నం కలిపింది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది చేసింది. మధ్యలో జాకెట్లకు వచ్చినవాళ్లతో మాట్లాడి, మిగిలినవాటికి హుక్కులు తనే కుట్టి ఇచ్చింది. కుట్టడం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. బతుకమ్మ కూడా ఆమే పేర్చింది. పేర్చేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుందేమో అని నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఒరగాలని కోరుకున్నానేమో కూడా. తంగేడు, గునుగు, బంతి, కట్లపువ్వు వరసలు వరసలుగా, నా నడుము ఎత్తు దాకా నిటారుగా లేచింది.

"చిన్నొదిన పులిహోర ఏం చేసింది!" అని మా ఆడబిడ్డ వేళ్లు నాకుతూ అంది. "ప్రతియేడు ఈమెతోనే చేపియ్యాలె."

దవాఖాన బల్ల మీద దొరికిన సంతోషంలో మిగిలిన చిన్న ముక్క కూడా అక్కడితో పోయింది.

దసరా అయిపోయి, ఆడబిడ్డ పిల్లలతో వెళ్లిపోయాక, ఒక పొద్దున అత్త పాదాలకు నూనె రాస్తూ ఎడమచెయ్యి ఎత్తిపట్టుకుని కూర్చున్నాను. అడగాలని రాత్రే అనుకున్నాను. అయినా నోరు పెగలడానికి రెండు పాదాలూ అయిపోయాయి.

"అత్తా, వచ్చే పండుగకు నాక్కూడ రోజుకు జరసేపు కావాలె. నన్ను ఎవ్వలు పిలువొద్దు."

"తీసుకో. ఎవలు వద్దన్నరు?"

"మరి ఇన్నేండ్లు..."

"ఇన్నేండ్లు నువ్వు అడిగినవా? చిన్నది అడిగింది, ఇచ్చిన." అత్త కాళ్లు దగ్గరికి తీసుకుంది. తరువాత వేరే గొంతుతో అంది. "నేను గీ ఇంట్ల మగ్గం కాడ కండెలకు నూలు చుట్టుకుంటనే కునుకుతుంటి. తలుపు పెట్టుకుందామంటే మా అత్త ఊకుంటుండెనా? చిన్నది గొళ్ళెం పెట్టుకుంటే నాక్కూడ కుళ్లే బిడ్డా. కుళ్లుకుంటనే కూసున్న ఆ పీట మీద. నాకు లేకపాయె, దానికన్న ఉండనీ అని."

నేను మా అత్త ముఖం వైపు చూశాను. ఆమె కిటికీలోంచి ఎటో చూస్తోంది. ఒకే కుళ్లు మా ఇద్దరికీ ఉండింది. ఆమె దాన్ని తలుపు బయట కాపలా కూర్చోబెట్టింది. నేను మోటరు తొక్కాను.

మరుసటి ఏడు పండుగ వచ్చింది. జాకెట్లు కొన్ని ముందే వద్దన్నాను. అడిగినవాళ్లు మూతి ముడుచుకున్నారు, వేరే చోటికి పోయారు, తరువాతి ఏడు తిరిగొచ్చారు. పగటి నిద్ర నాకు రాదని తెలుసుకున్నాను కాబట్టి దాని జోలికి పోలేదు. మధ్యాహ్నం బాత్రూం ఖాళీగా ఉన్న వేళ చూసుకుని, కుంకుడుకాయ రసంతో, ఎవరూ తలుపు తట్టకుండా తలంటుకునేదాన్ని. తరువాత డాబా మీదికి వెళ్లి జుట్టు విరబోసుకుని ఎండలో కూర్చునేదాన్ని. దూరంగా పద్మాక్షి గుట్ట కనిపించేది. పక్క ఇళ్ల డాబాల మీద ఉతికిన చీరలు గాలికి లేచేవి. మొదటి రెండు రోజులు మెట్ల వైపే చెవి పెట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు నుంచి జుట్టు ఆరిందా లేదా అన్న ఆలోచన తప్ప ఇంకో ఆలోచన లేకుండా కూర్చోగలిగాను. కిందికి వచ్చాక ఎర్రరంగు డబ్బా ఎక్కడుందని ఎవరైనా అడిగితే కోపం రాలేదు.

ఆ కుళ్లు పోయిందని చెప్పను. ఆమెకు ఇప్పటికీ పక్క మీద వాలగానే నిద్ర పడుతుంది. నాకు జుట్టు ఆరేదాకానే, ఎండ తగ్గేదాకానే. మబ్బు పట్టిన రోజు నాకు అదీ లేదు.

ఈ మధ్య పండుగకు మా యారాలు ఒక రోజు పడుకోకుండా, తలంటుకుని, తడిజుట్టుతో మెట్లెక్కి పైకి వచ్చింది.

"అక్కా, నేను కూడ జర సేపు నీ దగ్గర కూసుంట. ఎండ మంచిగున్నది."

"వద్దు" అన్నాను.

ఆమె నవ్వులాట అనుకుంది. ఇంకో మెట్టెక్కింది.

"నిజంగనే చెప్తాన. కిందికి పో. ఇక్కడ నేనొక్కదాన్నే ఉంట."

ఆమె ముఖం చిన్నబోయింది. దిగి వెళ్లిపోయింది. వెనక్కి పిలవాలనిపించింది, పిలవలేదు. జుట్టు పూర్తిగా ఆరేదాకా కూర్చుని, జడ వేసుకుని దిగాను. ఆమె ఇంట్లో లేదు, పువ్వులు తేవడానికి బజారుకు వెళ్లిందని అత్త చెప్పింది. నా మిషన్ పక్కన, ఆ సాయంత్రానికి ఇవ్వాల్సిన జాకెట్లు హుక్కులు కుట్టి, ఇస్త్రీ చేసి, ఒకదాని మీద ఒకటి మడతపెట్టి ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాను. కుట్టు ఎంత సన్నగా, ఎంత సమంగా ఉందో! నా కుట్టు కంటే బాగుంది. ఆ జాకెట్ చేతిలో పట్టుకుని నేను మళ్లీ మొదటి నుంచి కుళ్లుకున్నాను.